చీరది ఒక రంగు, తెర మీద ఇంకో రంగు: ఏ మానిటర్ కొనాలి?

ప్రశ్న: తమ్ముడూ, మాది గద్వాల. ఇంట్లో మగ్గం ఉంది, మా అత్తగారు, మా ఆయన నేస్తారు. మూడేళ్ల నుంచి నేను చీరలను ఫోన్‌తో ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో దిద్ది, వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముతున్నాను. ఈ దసరాకు ఐదు చీరలు వాపసు వచ్చాయి, ఐదుగురిదీ ఒకటే మాట, "ఫొటోలో చూసిన రంగు ఇది కాదు" అని. మా మానిటర్ 18.5 ఇంచులది, కొని పదేళ్లు దాటింది. కొత్తది చూద్దామని కర్నూలు పోతే షాపతను 32 ఇంచుల వంపు తెర చూపించాడు, లేకపోతే అంతకంటే తక్కువలో టీవీయే పెట్టుకోమన్నాడు. ఇంటర్ చదివే మా బాబు 165 హెర్ట్జ్ ఉన్నదే కావాలంటున్నాడు. నాకు 44 ఏళ్లు, సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. నీలి కాంతిని ఆపే అద్దాలు కూడా కొనాలా? 15 వేల దాకా పెట్టగలను.

జవాబు:

అక్కా, మానిటర్ సంగతి తర్వాత. వాపసు వచ్చిన ఆ ఐదు చీరల్లో ఏదైనా ఇంకా ఇంట్లో ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి. పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు వాకిట్లో నేరుగా ఎండ తగలకుండా వెలుతురు మాత్రం బాగా ఉండే చోట పరిచి, అప్పట్లో దానికి తీసిన అసలు ఫొటోను, మీరు ఇంకా చెయ్యి పెట్టని దాన్ని, ఫోన్‌లో తెరిచి పక్కన పట్టుకుని చూడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ మోడ్ 'వివిడ్' అని ఉంటే 'నేచురల్'కు మార్చాకే చూడాలి. అక్కడే తేడా కనిపిస్తే తప్పు ఫొటో తీసేటప్పుడే జరిగిందన్నమాట, ఎంత ఖరీదైన మానిటర్ కొన్నా అది పోదు. అలా కాకుండా ఫోన్‌లో రంగు సరిగ్గానే ఉండి, మీరు కంప్యూటర్‌లో దిద్దిన ఫొటోను మళ్లీ ఫోన్‌లోకి పంపి చూసినప్పుడు మారిపోయి ఉంటే దోషం మీ పాత తెరది. అది తప్పుగా చూపిస్తోంది, మీరు ఆ తప్పును సరిచేస్తున్నామనుకుని బాగున్న ఫొటోను చెడగొడుతున్నారు. నా అంచనా ప్రకారం మీకు రెండూ కొంత కొంత జరుగుతున్నాయి, కాబట్టి రెండిటి గురించీ రాస్తాను.

ఇంకో చిన్న పరీక్ష. ఏదైనా ముదురు రంగు చీర ఫొటోను తెర నిండా పెట్టి, కుర్చీలో కూర్చుని చూడండి, తర్వాత లేచి నిలబడి చూడండి. నిలబడ్డప్పుడు రంగు పాలిపోయినట్టో, కూర్చుంటే పై భాగం నల్లబడినట్టో కనిపిస్తే మీది టీఎన్ రకం ప్యానెల్ (ప్యానెల్ అంటే తెరలో బొమ్మ చూపించే పలక). పదేళ్ల కింద తక్కువ ధరలో వచ్చిన చిన్న మానిటర్లు ఎక్కువ శాతం అవే. వాటిలో చాలావాటికి ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి ముదురు నుంచి లేత దాకా నిజంగా ఉండేవి 64 మెట్లే, 256 ఉండాల్సిన చోట. మీ బచ్చలిపండు రంగు చీరకూ వంకాయ రంగు చీరకూ మధ్య ఉండే సన్నటి తేడా ఆ 64 మెట్లలో ఎక్కడో కలిసిపోతుంది. మీరు ఒక రోజు నిటారుగా, ఇంకో రోజు కాస్త జారగిలబడి కూర్చుని దిద్దినా రెండు రోజుల ఫొటోలూ రెండు రంగుల్లో వస్తాయి. ఆ తెర మీద ఎంత ఓపికగా కూర్చున్నా ఫలితం ఉండదు, దాన్ని మార్చాల్సిందే.

ఈ బాధ నాకు బాగా తెలుసు. పాలమూరులో నేను చాలా ఏళ్లు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేశాను. ఒక పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి తలంబ్రాల చీర ఉల్లిపొర రంగు. రాత్రిళ్లు లైటు ఆపి పనిచేసేవాణ్ణి, మానిటర్ వెలుగు నూటికి నూరు పెట్టి ఉండేది, తెర మీద ఆ చీర పువ్వులా మెరిసేది. అచ్చయి వచ్చాక పెళ్లికూతురి వాళ్లమ్మ ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పోయి, బీరువాలోంచి ఆ చీర తెచ్చి, ఆల్బమ్ తెరిచి ఉన్న పేజీ మీద పరిచింది. పక్కపక్కన చూస్తే నా ఆల్బమ్‌లోది మసిబారిన ఇటుక రంగు. ఆమె వేలితో చీర అంచును నిమురుతూ ఫొటో వంక చూస్తూ ఉండిపోయింది. ఆల్బమ్ మొత్తం నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను. తప్పు అచ్చు వేసినవాళ్లది కాదు, నా తెర వెలుగుది. తెర అతిగా వెలిగితే మన కన్ను ఫొటోలోనే వెలుగు ఎక్కువైందనుకుంటుంది, మనం తగ్గిస్తాం, అచ్చులోనో ఇంకొకరి ఫోన్‌లోనో అది చీకటిగా వస్తుంది. అప్పటి నుంచి మానిటర్ పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, తెర మీది తెలుపూ కాగితం తెలుపూ ఒకే మాదిరి కనిపించేదాకా వెలుగు తగ్గించాకే పని మొదలుపెడుతున్నాను. మీరు కొత్తది కొన్నా, కొనకపోయినా ఇవాళే ఈ పని చేయండి, పైసా ఖర్చు లేదు.

ఇక కొనాల్సింది ఐపీఎస్ ప్యానెల్. ఎటు నుంచి చూసినా రంగు పెద్దగా మారకపోవడం దీని గుణం. పక్కన మీ అత్తగారు నిలబడి చూసినా, ఎదురుగా మీరు కూర్చుని చూసినా ఒకే చీర కనిపిస్తుంది. కానీ ఐపీఎస్ అన్న ఒక్క మాట చూసి డబ్బులు ఇచ్చేయకండి, ఐపీఎస్‌లో కూడా రంగులు సగం సగం చూపించేవి ఉన్నాయి. వివరాల కాగితంలో ఎస్ఆర్‌జీబీ ఎంత శాతమో చూడండి, 99 శాతం లేదా దానికి దగ్గరగా ఉండాలి. ఈ ఎస్ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన రంగుల కొలత, 1999లో అంతర్జాతీయ ప్రమాణం అయింది, ఇంటర్నెట్‌లో మనం చూసే ఫొటోలు చాలావరకు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. కొన్ని కంపెనీలు ఎస్ఆర్‌జీబీ అని రాయకుండా ఎన్‌టీఎస్‌సీ అని పాత టీవీల కాలం నాటి కొలత రాస్తాయి. అక్కడ 72 శాతం అని ఉంటే దాదాపు పూర్తి ఎస్ఆర్‌జీబీ కింద లెక్క. 45 శాతం అని ఉంటే వదిలేయండి, అందులో పట్టు ఎరుపు ఎప్పటికీ ఎరుపుగా కనిపించదు, వెలిసిన ఎరుపే.

దీనికి ఎదురు ప్రమాదం ఒకటి ఉంది, అది షాపుల్లో ఎవరూ చెప్పరు. కొన్ని మానిటర్లు ఎస్ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపిస్తాయి, 'డీసీఐ-పీ3 90 శాతం' అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది, డీసీఐ-పీ3 అంటే సినిమాల కోసం పెట్టిన ఇంకా పెద్ద రంగుల కొలత. సినిమాకు, ఆటలకు అది బాగుంటుంది. చీరల ఫొటోకు మాత్రం చిలకపచ్చ చిలక కంటే పచ్చగా, కనకాంబరం నిప్పులా కనిపిస్తుంది, మీరు అది చూసి రంగు తగ్గిస్తారు, కొనేవాళ్ల ఫోన్‌లో చీర వెలవెలబోతుంది. అలాంటిది కొనాల్సి వస్తే దాని మెనూలో 'ఎస్ఆర్‌జీబీ' అనే మోడ్ ఉందో లేదో చూడండి, ఉంటే ఫొటోలు దిద్దేటప్పుడు అందులో పెట్టుకోవచ్చు. 'హెచ్‌డీఆర్' (వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను ఇంకా బాగా చూపిస్తుందని చెప్పే గుర్తు) అన్న స్టిక్కర్ చూసి కూడా ఎక్కువ డబ్బులు పెట్టకండి. ఈ ధరల్లో మానిటర్లు సాధారణంగా 250, 300 నిట్స్ వెలుగు ఇస్తాయి, తెరలకు ప్రమాణాలు పెట్టే వెసా (VESA) సంస్థ ఇచ్చే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ ముద్రలో అన్నిటికంటే కింది మెట్టే 400 నుంచి మొదలవుతుంది. మీ జరీ మెరుపు ఆ స్టిక్కర్ వల్ల రాదు.

సైజు దగ్గరికి వద్దాం, మీ షాపతను తప్పుదారి పట్టించింది ఇక్కడే. తెర ఎంత పెద్దదన్నది ఒక సంగతి, ఆ తెరలో ఎన్ని చుక్కలు ఉన్నాయన్నది ఇంకో సంగతి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. 24 ఇంచుల తెర మీద పరిచినా, 32 ఇంచుల తెర మీద పరిచినా చుక్కలు అవే, పెద్దదాంట్లో ఒక్కో చుక్క లావెక్కుతుంది, అంతే. 24 ఇంచుల్లో ఒక ఇంచుకు దాదాపు 92 చుక్కలు పడితే, 27 ఇంచుల్లో 82, 32 ఇంచుల్లో 69. ఇంగ్లిష్ చదివేవాళ్లు 82తో కూడా సర్దుకుపోతారు. తెలుగు రాసేవాళ్లకు అది చాలదు. 'లక్ష్మి' అన్న మాటలో రెండో అక్షరం చూడండి, మీద గుడి, నడుమ క, కింద ష, దాని పక్కనో కిందో మ, అన్నీ ఒక్క అక్షరం ఎత్తులో ఇమడాలి. అంత చిన్న చోట ఇంత పని జరగాలంటే చుక్క సన్నగా ఉండాలి, లేకపోతే ఒత్తు ఏదో, దాని కింది ఒత్తు ఏదో కలిసిపోయి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. మీరు ప్రతి చీర కింద 'నూలు చీర, పట్టు అంచు, జరీ కొంగు' అని రాసి, ధర రాసి, రోజంతా ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంటారు. కళ్లు మండడంలో దీని వాటా కూడా ఉంది.

అందుకే నా సలహా సూటిగా చెప్తాను: 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్. పెట్టె మీద 23.8 అని ఉంటుంది, అదే ఇది. పది వేలకు అటూ ఇటూగా మంచివే వస్తున్నాయి, మీకు నాలుగైదు వేలు మిగులుతాయి. 27 ఇంచులు కావాలనే మనసు ఉంటే ఫుల్ హెచ్‌డీ వద్దు, 2560 అడ్డం, 1440 నిలువు ఉండే క్యూహెచ్‌డీనే తీసుకోండి, అందులో ఇంచుకు 109 చుక్కలు పడతాయి, తెలుగు అక్షరం అచ్చు వేసినట్టు ఉంటుంది. కాకపోతే అది మీ 15 వేల అంచుకు వస్తుంది, కొన్ని దాటిపోతాయి. పైగా మీ కంప్యూటర్ కూడా పాతదే అయి ఉంటుంది. పాత కంప్యూటర్లు కొన్నిటికి హెచ్‌డీఎంఐ (మానిటర్ కేబుల్ పెట్టే సాకెట్) ఉన్నా 1920 దాటి బొమ్మ పంపవు, అప్పుడు క్యూహెచ్‌డీ కొని కూడా మసకగా చూడాల్సి వస్తుంది. వెళ్లేముందు సీపీయూ డబ్బా వెనక ఒక ఫొటో తీసుకోండి, లోపల ఏ ప్రాసెసరో కూడా రాసుకోండి. వెనక నీలం రంగు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటే అది 1987 నాటి పద్ధతి, దాంతో కలిపితే అక్షరాలు మసకబారే అవకాశం ఉంది, ఇప్పటి మానిటర్లలో కొన్నిటికి ఆ సాకెట్టే ఉండదు. హెచ్‌డీఎంఐ ఉంటే దాన్నే వాడండి, కేబుల్ పెట్టెలో ఉందో లేదో షాపులోనే విప్పి చూసుకోండి.

టీవీ మాట మాత్రం వద్దే వద్దు. తక్కువ ధరలో దొరికే 32 ఇంచుల టీవీల్లో చాలావాటికి ఉండేది 1366 అడ్డం, 768 నిలువు, మొత్తం పది లక్షల చుక్కల పైన కొంచెం, అంటే ఫుల్ హెచ్‌డీలో సగం, అదీ అంత పెద్ద తెర మీద. ఇంచుకు 50 చుక్కలు కూడా పడవు. అది గదికి అవతలి గోడ దగ్గర పెట్టుకుని చూడ్డానికి చేసింది, మీరు మూర దూరంలో కూర్చుంటారు. టీవీ తనంతట తాను బొమ్మకు పదును పెంచుతుంది, రంగులు పెంచుతుంది, చీర అంచు చుట్టూ లేని తెల్లగీత పుట్టిస్తుంది. కొన్ని టీవీలు ఎర్ర అక్షరాలను అలుక్కుపోయినట్టు చూపిస్తాయి, మీరు ధరలు ఎర్రగా రాస్తే అవే చదవలేరు.

వంపు తెర గురించి. వాటిలో ఎక్కువ వీఏ అనే రకం ప్యానెల్‌తో వస్తాయి. దాంట్లో నలుపు చక్కగా చిక్కగా ఉంటుంది, ఐపీఎస్ కంటే మూడు రెట్లు లోతు చూపిస్తుంది, రాత్రి పూట సినిమా చూసేవాళ్లకు నేను అదే చెప్తాను. కానీ పక్కకు జరిగి చూస్తే ముదురు రంగులు తేలిపోతాయి. మీ ఇంట్లో తెర ముందు ఇద్దరు ముగ్గురు చేరి ఈ చీర రంగు ఇదేనా అని చూసుకుంటారు కదా, వంపు తెర నడుమ కూర్చున్న ఒక్కరికే సరిగ్గా ఉంటుంది. చీర అంచు నిటారుగా వచ్చిందా, ఫొటో వంకరగా తీశామా అన్నది కూడా వంపులో తెలియదు.

బాబు అడిగిన 165 హెర్ట్జ్‌ను కొట్టిపారేయకండి. హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క. చీరల పనికి 60 చాలు, ఇప్పుడు ఆఫీసు మానిటర్లే 75కు, 100కు వచ్చేశాయి, మౌస్ కదిపితే కూడా కంటికి హాయిగా ఉంటుంది. 24 ఇంచుల ఐపీఎస్‌లోనే 144, 165 ఉన్నవి మీ 15 వేల లోపు దొరుకుతాయి, అలాంటిది ఎస్ఆర్‌జీబీ 99 శాతం కూడా ఉంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది. కానీ ఆటల్లో అంత వేగం రావాలంటే కంప్యూటర్‌లో దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది లేకుండా 165 కొంటే ఆ అదనపు డబ్బు ఊరికే పోయినట్టే, ఆ సంగతి బాబును కూర్చోబెట్టి చెప్పండి, అర్థం చేసుకుంటాడు. 'ఒక మిల్లీసెకండ్' అని పెట్టె మీద రాసేది కూడా ఆటల కోసమే, మీకు దాంతో పని లేదు.

కళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి అక్కా. నీలి కాంతి అద్దాలు కొనకండి. అమెరికాలోని కంటి డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ, కంప్యూటర్ పనికి వాటిని సిఫారసు చేయడం లేదు. 2023లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కూడా, మామూలు అద్దాల కంటే వాటితో కంటి అలసట తగ్గుతుందన్న దాఖలా కనపడలేదు. తెర చూసేటప్పుడు మనం రెప్ప వేయడం మర్చిపోతాం, మామూలుగా నిమిషానికి 15 సార్లు వేసేది సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది, కన్ను ఎండిపోయి మండుతుంది. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. మీకు వాకిలి అవతల చెట్టు ఏదైనా ఉంటే అదే చాలు. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా కూర్చోండి.

44 ఏళ్లంటే చత్వారం మొదలయ్యే వయసు, ఇది చాలామంది ఒప్పుకోరు. మామూలుగా చత్వారానికి ఇచ్చే అద్దాలు పుస్తకం దూరానికి, అంటే మూర కంటే తక్కువ దూరానికి సరిపోయేలా ఉంటాయి. మానిటర్ అంతకంటే వెనక, చేయి చాపితే వేళ్లు తగిలేంత దూరంలో ఉండాలి. ఆ అద్దాలతో చదవాలని మీరు ముందుకు వంగుతారు, మెడ పట్టేస్తుంది. కంటి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు మీ కంటికీ తెరకూ మధ్య ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకుపోండి, ఆ దూరానికి అద్దాలు రాసివ్వమని అడగండి. మానిటర్ పై అంచు మీ కంటి ఎత్తుకో కాస్త కిందకో రావాలి. ఈ ధరలో స్టాండ్లు చాలావాటికి ముందుకూ వెనక్కూ వంగడం తప్ప ఎత్తు మార్చే వీలుండదు, కింద ఒక చెక్క పెట్టెకు సరిపోతుంది. ఇంకా, పెట్టె మీద 'ఫ్లికర్ ఫ్రీ' అని ఉన్నదే తీసుకోండి. వెలుగు తగ్గించినప్పుడు కొన్ని తెరలు మనకు కనపడకుండా వేగంగా ఆరి వెలుగుతాయి, కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. మెరిసే అద్దంలాంటి తెర వద్దు, మ్యాట్ తెర తీసుకోండి, కిటికీ మీ వెనక కానీ ఎదురుగా కానీ లేకుండా పక్కకు వచ్చేలా టేబుల్ జరపండి. ఒక జాగ్రత్త: విండోస్‌లో 'నైట్ లైట్', మానిటర్ మెనూలో 'లో బ్లూ లైట్' అన్నవి ఆన్ చేస్తే తెర మొత్తం పసుపెక్కుతుంది. ధరలు రాసుకునేటప్పుడు పెట్టుకోండి, చీర ఫొటో ముట్టుకునే ముందు తప్పకుండా ఆపేయండి. మీ ఐదు చీరల్లో ఒకటో రెండో ఇందువల్లే తిరిగొచ్చి ఉంటాయేమో, మీ పాత కంప్యూటర్‌లో అది ఆన్‌లో ఉందేమో ఒకసారి చూడండి.

ఫొటో తీసే దగ్గర జరిగే తప్పు కూడా చెప్పాలి. చీర మొత్తం ఎరుపే ఉండి తెర నిండా అదే పరుచుకుంటే ఫోన్ కెమెరా తికమకపడుతుంది, గదిలో ఎర్ర లైటు ఉందనుకుని రంగును నీలం వైపు లాగుతుంది. చీర పక్కన ఒక తెల్లకాగితం పెట్టి మొదటి ఫొటో తీయండి, ఆ కాగితం తెల్లగా వచ్చేలా దిద్దితే చీర తనంతట తానే దారికొస్తుంది, అదే దిద్దుబాటు మిగతా ఫొటోలకూ వేయవచ్చు. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుతురు రెండూ కలిసిన చోట తీయకండి. గద్వాల చీరకు ఇంకో చిక్కుంది, నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. రెండిటికీ ఒకే రంగు అద్దినా నూలు వెలుతురును మింగుతుంది, పట్టు వెనక్కి కొడుతుంది. ఫ్లాష్ వేస్తే అంచు తెల్లబడి, నడుమ నల్లబడి రెండు వేరు వేరు చీరలు కుట్టినట్టు వస్తుంది. అద్దిన దారాన్ని మీ ఇంట్లో ఎవరూ లైటు కింద చూసి ఒప్పుకోరు కదా, గడప దాటి వెలుతురులోకి తెచ్చే చూస్తారు. ఫొటోకూ అదే గడప అవతలి వెలుతురు కావాలి.

ఎంత చేసినా కొనేవాళ్ల ఫోన్ మన చేతిలో ఉండదు. అందుకని ఫొటో కింద 'మెరూన్', 'పర్పుల్' అని రాసి వదిలేయకండి, బచ్చలిపండు, నేరేడుపండు, మెంతిరంగు, నెమలికంఠం అని రాయండి, ఆ పేరు చదవగానే వాళ్ల కళ్ల ముందు పండో పిట్టో కదులుతుంది, ఫోన్ తెర అటూ ఇటూ అయినా మనసులో రంగు తప్పిపోదు. వెలుతురులో తీసిన పది సెకన్ల వీడియో ఒకటి జోడించండి, మడత విప్పుతున్నప్పుడు రంగు ఎలా మారుతుందో అందులో తెలిసిపోతుంది.

కొనే రోజు ఎలా చేయాలంటే, ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ పొద్దున వాకిట్లో తీసిన చీర ఫొటో, చిన్న అక్షరాల్లో రాసిన ఒక పేజీ తెలుగు, తెర నిండే తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం బొమ్మలు ఒక్కోటి వేసుకోండి. ఆ చీరను సంచిలో పెట్టుకుని వెళ్లండి. షాపులో తిప్పే వీడియో, కొండలూ చిలకలూ ఉండేది, ఏ తెర మీదైనా బాగుంటుంది, దాన్ని చూసి ఏమీ అనుకోవద్దు. మీ పెన్‌డ్రైవ్ పెట్టించి, మానిటర్ మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించి, పిక్చర్ మోడ్ 'స్టాండర్డ్' లేదా 'ఎస్ఆర్‌జీబీ'లో పెట్టించి, వెలుగు సగానికి తగ్గించి, అప్పుడు చీర కొంగును తెర పక్కన పట్టి చూడండి. షాపు లైట్ల కింద చీర రంగే మారితే గుమ్మం దగ్గరికి తెచ్చి ఒకసారి చూసి మళ్లీ తెర దగ్గరికి వెళ్లండి. తెలుగు పేజీ తెరిచి 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటలు కూర్చున్న చోటి నుంచి చదవండి. మీరు తీసుకెళ్లబోయే పెట్టెనే విప్పించి, ఒక్కో రంగు తెర నిండా పెట్టి, ఆరిపోయిన చుక్కలు ఉన్నాయేమో నెమ్మదిగా వెతకండి. ఇరవై లక్షల చుక్కల్లో ఒకటో రెండో పోతే వారంటీలో మార్చివ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, కాబట్టి డబ్బులు ఇవ్వకముందే చూసుకోవాలి. నలుపు పెట్టినప్పుడు మూలల్లో కొద్దిగా వెలుగు కారడం ఐపీఎస్‌లో సహజమే, మరీ తెల్లగా మచ్చలా ఉంటే ఇంకో పెట్టె అడగండి. వారంటీ ఎన్నేళ్లో అడిగేటప్పుడే, పాడైతే మనిషి గద్వాలకు వస్తాడా, మీరే హైదరాబాద్‌కు మోసుకుపోవాలా అన్నది కూడా అడగండి. సీరియల్ నంబర్ ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీ అయ్యేదాకా అట్టపెట్టెను, థర్మకోల్‌ను అటక మీద దాచండి.

పెట్టె విప్పి చూపించనంటే గొడవ పడకుండా పక్క షాపుకు వెళ్లండి, కర్నూలులో కుదరకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వరసగా కంప్యూటర్ షాపులే, ఒకే పూటలో నాలుగైదు తెరలు చూడొచ్చు. వీలైతే మీ అత్తగారిని వెంట తీసుకెళ్లండి. ఆ చీర రంగు ఆమెకు తెలిసినంతగా షాపులో ఎవరికీ తెలియదు. ఏ తెర ముందు నిలబడి ఆమె చీర వంకా బొమ్మ వంకా రెండుసార్లు చూసి "ఇది మన చీరనే" అంటుందో, దానికే బిల్లు వేయించండి.